ర్యామ్ తక్కువైతే బ్యాకప్ మానేస్తామా?

ప్లేస్‌మెంట్లకు ప్రిపేరవుతున్న జూనియర్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: ‘అన్నా, 16 జీబీ ల్యాప్‌టాప్ కొనాల్సిందేనా?’ నేను ఎదురు ప్రశ్న వేస్తాను: ‘ఇప్పుడున్న ల్యాప్‌టాప్ రేపు పొద్దున ఆన్ కాకపోతే నీ ప్రాజెక్టు ఎక్కడుంటుంది?’ చాలామంది నవ్వేసి ఊరుకుంటారు. కొంతమంది మాత్రం ‘బ్యాకప్ పెట్టాలనే ఉందన్నా, కానీ 4 జీబీ ర్యామ్‌తో సిస్టమ్ హ్యాంగ్ అవుతోంది’ అంటారు. ఈ రెండో మాట నేనూ ఒకప్పుడు అన్నదే. దానికి ఎంత మూల్యం చెల్లించానో చెప్తా.

మూడేళ్ల కిందట మా మావయ్య ఫొటో స్టూడియోలో కొత్త కంప్యూటర్ వచ్చింది. మూలన పడ్డ పాతదానికి ర్యామ్ 1 జీబీ. దాన్ని నేను లైనక్స్ వేసి బ్యాకప్ మెషీన్‌గా మార్చా. కొత్తగా నేర్చుకున్న ఉత్సాహం కదా, ఫైళ్లను ముక్కలుగా కోసి, ఒకేలా ఉన్న ముక్కల్ని ఒక్కసారే దాచే టూల్ పెట్టా. ముక్క ఎంత చిన్నదైతే అంత చోటు మిగులుతుందని సైజు బాగా తగ్గించా. మొదట్లో అంతా బ్రహ్మాండం. పెళ్లిళ్ల సీజన్ మొదలయ్యాక డేటా పెరిగింది. మెమరీ చాలక లైనక్స్ కెర్నల్ ఆ ప్రోగ్రామ్‌ను రోజూ అర్ధరాత్రి చంపేసేది. లాగ్‌లో 137 అనే ఎగ్జిట్ కోడ్ నమోదవుతూనే ఉంది. చూసిన నాథుడు లేడు, అంటే నేనే. మూడు వారాలు అలాగే గడిచిపోయాయి.

ఆ మూడు వారాల్లో తీసిన ఒక పెళ్లి తాలూకు ఫోల్డర్‌ను, చోటు కోసమని ఎవరో పొరపాటున డిలీట్ చేశారు. తర్వాత కొన్ని రోజులకే పెళ్లికూతురి తండ్రి పోయారు. వాళ్లొచ్చి ఆయన ఉన్న ఫొటోలన్నీ మళ్లీ కావాలన్నారు. ఆగిపోయిన బ్యాకప్‌లో మంగళస్నానాలవి, ముహూర్తానివి కొన్ని దొరికాయి. అప్పగింతల ఫొటోలు ఒక్కటీ దొరకలేదు. మావయ్య నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

ఇప్పుడు లెక్క చూడండి. 500 జీబీ డేటాను 64 కేబీ ముక్కలుగా కోస్తే సుమారు 76 లక్షల ముక్కలవుతాయి. ప్రతి ముక్కకూ గుర్తుగా 32 బైట్ల హ్యాష్ ఉంచుకున్నా, ఆ గుర్తులకే 240 ఎంబీ దాటుతుంది. ముక్క ఎక్కడుందో చెప్పే వివరాలు, ఫైళ్ల జాబితా అదనం. అదే 2 ఎంబీ ముక్కలైతే దాదాపు 2.4 లక్షలే. గుర్తులకు 8 ఎంబీ చాలు. బోర్గ్ అనే టూల్ 1.0 వెర్షన్‌లో డిఫాల్ట్ సైజును 64 కేబీ నుంచి 2 ఎంబీకి పెంచింది కూడా ఇందుకే. స్వాప్ పెంచితే సరిపోదా అంటారు కొందరు. ఈ గుర్తుల పట్టికలో వెతుకులాట ఒక వరుసలో సాగదు. పాత హార్డ్ డిస్క్ మీద స్వాప్ పెడితే తెల్లారినా పని తెమలదు.

అసలు నా తప్పు ర్యామ్ దగ్గర లేదు. జేపెగ్ ఫొటో అప్పటికే కంప్రెస్ అయిన ఫైలు. ఒక ఫొటోలోని ముక్క ఇంకో ఫొటోలో దొరకడం దాదాపు అసాధ్యం. పైగా తీసిన ఫొటో మారదు, కొత్తవి వచ్చి చేరతాయంతే. అలాంటి చోట సైజూ, మార్చిన సమయమూ పోల్చి చూసే ఆర్‌సింక్ చాలు. ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకరాస్ 1996లో బయటికి తెచ్చిన టూల్ అది. మొదట్లో అదీ మొత్తం ఫైళ్ల జాబితాను మెమరీలోకి ఎక్కించుకునేది. 3.0 వెర్షన్ నుంచి ఫోల్డర్లను కొద్దికొద్దిగా చదువుకుంటూ పోతోంది. కాకపోతే డిలీట్-బిఫోర్, డిలీట్-ఆఫ్టర్ లాంటి ఆప్షన్లు పెడితే మళ్లీ పాత పద్ధతే. లింక్-డెస్ట్ ఆప్షన్‌తో రోజుకో ఫోల్డర్ పెట్టుకోవచ్చు. మారని ఫైళ్లకు హార్డ్ లింకులే పడతాయి కాబట్టి చోటు తినదు. డిస్క్ ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో ఉంటే మాత్రం ఇది కుదరదు, ఎందుకంటే దానికి హార్డ్ లింకులు తెలియవు.

అలాగని ముక్కల టూల్స్ దండగ అనను. వర్చువల్ మెషీన్ డిస్క్ 20 జీబీ ఉండి రోజూ అందులో కొంచెమే మారుతుంటే, లింక్-డెస్ట్ రోజూ మొత్తం ఫైలును కొత్తగా దాస్తుంది. అక్కడ బోర్గ్, రెస్టిక్ నయం. రెస్టిక్‌కు ర్యామ్ చాలకపోతే గోజీసీ అనే సెట్టింగ్‌ను 20కి దించి చూడండి. ప్రాసెసర్ కాస్త ఎక్కువ కష్టపడుతుంది, మెమరీ కొంత తగ్గుతుంది. ఇక స్టూడెంట్ ప్రాజెక్టులంటారా, సగం భారం నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్‌దే. వేల కొద్దీ చిన్న ఫైళ్లు. ఎప్పుడైనా మళ్లీ దించుకోగలిగిన దాన్ని బ్యాకప్ చేయడమెందుకు? బయటికి నెట్టేయండి. విండోస్ వాడేవాళ్లకు రోబోకాపీ సిస్టమ్‌తోపాటే వస్తుంది. దాంట్లో మిర్రర్ స్విచ్‌తో జాగ్రత్త, ఇక్కడ పోయిన ఫైలును అక్కడా తీసేస్తుంది. ‘గూగుల్ డ్రైవ్ ఉందిగా’ అనేవాళ్లకూ ఇదే మాట. సింక్ చేసిన ఫోల్డర్‌లో డిలీట్ చేస్తే అక్కడా పోతుంది, ట్రాష్‌లో 30 రోజులే గడువు.

నాది చిన్న స్టూడియో కథ అనుకోకండి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ ఇంజినీరు ఒకరు పొరపాటున అసలు డేటాబేస్ డైరెక్టరీనే చెరిపేశారు. పెట్టుకున్న ఐదు రకాల ఏర్పాట్లలో ఒక్కటీ సరిగా అక్కరకు రాలేదు. డేటాబేస్ డంప్ వెర్షన్ తేడా వల్ల ఫెయిలవుతూ వచ్చింది. ఆ సంగతి చెప్పాల్సిన ఈమెయిళ్లు తిరస్కరణకు గురయ్యాయి. ఆరు గంటల ముందు తీసిన ఒక కాపీ ఉండబట్టి బయటపడ్డారు. వాళ్లకు ర్యామ్ కొదవేం లేదు కదా!

అందుకే కాలేజీల మీద నాకో ఫిర్యాదుంది. ఫైనలియర్ వైవాలో ‘క్లౌడ్ అంటే ఏమిటి’ అని అడుగుతారు. ‘నీ ప్రాజెక్టును ఇప్పుడే ఇంకో మెషీన్‌లో రిస్టోర్ చేసి చూపించు’ అని ఎవరూ అడగరు. అడిగితే ఎంతమంది లేచి నిలబడతారో చూడాలనుంది. డెవాప్స్ ఉద్యోగాలకు అప్లై చేసే కుర్రాళ్లూ అంతే, రెజ్యూమెలో పది టూల్స్ పేర్లుంటాయి కానీ నిన్న రాత్రి బ్యాకప్ పూర్తయిందో లేదో ఎలా తెలుసుకుంటావంటే తడుముకుంటారు. 1 జీబీ మెషీన్ మీద ఒక నెల బ్యాకప్ నడిపినవాడికి మెమరీ ఎక్కడ ఖర్చవుతుందో, ప్రోగ్రామ్ ఎందుకు చచ్చిందో తెలుస్తుంది. నేను ఇంటర్వ్యూ ప్యానెల్‌లో ఉంటే వాడికే మార్కులేస్తా.

స్టూడియోలో ఇప్పటికీ ఆ 1 జీబీ డబ్బానే నడుస్తోంది, ఆర్‌సింక్‌తో. బ్యాకప్ ఫెయిలైతే మావయ్య ఫోన్‌కూ నా ఫోన్‌కూ మెసేజ్ వస్తుంది. పూర్తయినా వస్తుంది, ఎందుకంటే మెసేజ్ రాకపోవడాన్ని మేం ఇక శుభవార్త అనుకోవడం లేదు. ప్రతి నెలా మొదటి ఆదివారం మావయ్య తనకు తోచిన ఏదో ఒక పెళ్లి పేరు చెప్తాడు, నేను ఆ ఆల్బమ్ బయటికి తీసి చూపించాలి. పోయిన నెల ముప్పావు గంట పట్టింది. డిస్క్ కేబుల్ వదులైంది, మార్చాం.