ఏడాది పాపే మన తొలి విద్యార్థిని



తెలుగు చదువును గురించి మాట్లాడుకొనేటప్పుడు మనం సాధారణంగా ఒకటవ తరగతి నుండి మొదలుపెడతాము. ఉపాధ్యాయులు చాలరని, పుస్తకాలు సమయానికి అందవని, తెలుగు విభాగంలో పిల్లల సంఖ్య తగ్గిపోతున్నదని బాధపడతాము. ఇవి నిజమైన బాధలే. వాటి కోసం అర్జీలు పెట్టవలసిందే, అధికారులను కలువవలసిందే. అయితే ఈ వ్యాసంలో అంతకు ఐదేళ్ళ ముందటి సంగతిని మీ దృష్టికి తేదలచుకున్నాను. తెలుగు బడికి పిల్లలు వస్తారా, వచ్చినవారు పాఠాన్ని అందుకోగలరా అన్న ప్రశ్నలకు సగం సమాధానం పాప మొదటి పుట్టినరోజు నాటికే ఇంటిలో సిద్ధమవుతున్నదని నా అభిప్రాయం.

మా వై.ఎన్.హొసకోట పావగడ తాలూకాలో ఉన్నది. ఈ తాలూకాను పటంలో ఒకసారి చూడండి. తుమకూరు జిల్లాలో భాగమే అయినా దాదాపు అన్ని దిక్కులా ఆంధ్రప్రదేశ్ చుట్టుకొని ఉన్నది. ఒకవైపు కల్యాణదుర్గం, మరొకవైపు మడకశిర. 1956లో రాష్ట్రాలు భాషల వారీగా ఏర్పడినా, ఇళ్ళలోని మాటను ఎవరూ సరిహద్దు గీత ప్రకారం కోయలేకపోయారు. 2011 జనాభా లెక్కల ప్రకారం కర్ణాటకలో తెలుగు మాతృభాషగా గలవారు నూటికి సుమారు ఆరుగురు. కన్నడ, ఉర్దూల తరువాత స్థానం మనదే. ఇంటిలో తెలుగు, కచేరీలో కన్నడం, కలలలో ఇంగ్లీషు. ఈ మూడింటి నడుమ మన పాపాయి కళ్ళు తెరుస్తున్నది.

ఏడాది పాపకు ఏమి తెలుస్తుందని మీరు అడగవచ్చు. అది నోటితో పలికేది నాలుగైదు మాటలే కదా అనవచ్చు. నోటి సంగతి సరే, చెవి సంగతి చూడండి. 1984లో కెనడా దేశంలో జానెట్ వర్కర్, రిచర్డ్ టీస్ అనే శాస్త్రజ్ఞులు ఒక పరిశోధనను ప్రకటించారు. హిందీలోని 'ట', 'త' ధ్వనులను ఇంగ్లీషు ఇళ్ళలో పెరుగుతున్న పసిపిల్లలకు వినిపించారు. ఆరు నుండి ఎనిమిది నెలల పిల్లలలో చాలామంది రెండింటికీ తేడాను గుర్తుపట్టారు. పది, పన్నెండు నెలల వయసుకు వచ్చేసరికి ఆ శక్తి చాలావరకు సన్నగిల్లింది. హిందీ వింటూ పెరిగిన పిల్లలలో మాత్రం అది నిలిచే ఉన్నది. మన 'అట్ట'కు, 'అత్త'కు ఉన్న తేడా కూడా ఇదే గదా! అంటే మొదటి పుట్టినరోజు వచ్చే వేళకు పాప చెవి తన చుట్టూ వినబడే భాషకు తగినట్లు కుదురుకుంటున్నదన్నమాట. పెద్దయ్యాక ఇతర ధ్వనులను నేర్చుకోలేరని దీని అర్థం కాదు. అప్పుడు శ్రమపడి నేర్చుకోవాలి, ఇప్పుడైతే వింటే చాలు.

ఉపాధ్యాయ శిక్షణలో మనం భాషా నైపుణ్యాలను శ్రవణం, భాషణం, పఠనం, లేఖనం అనే వరుసలో చదువుకున్నాము. శ్రవణం మొదటిది. ఆ పాఠం బడిలో మొదలవుతుందని మనం అనుకుంటాము. నిజానికి ఆ పాఠాన్ని అవ్వ, జేజి, అమ్మ, నాయన కలిసి మనకంటే ముందే చెప్పేస్తారు, లేదా చెప్పకుండా వదిలేస్తారు.

ఆ పాఠం ఎట్లా జరుగుతుందో చూడండి. పాపకు నీళ్ళు పోసేటప్పుడు "లాల పోసుకుందామా" అంటారు. రాగిజావ తాగించేటప్పుడు "బువ్వ" అంటారు. పడుకోబెట్టేటప్పుడు "బజ్జో" అంటారు. పలుకడానికి సులువైన ధ్వనులతో పసివారి కోసమే మన భాష ప్రత్యేకంగా ఒక చిన్న నిఘంటువును తయారుచేసి పెట్టుకున్నది. రోజూ అదే వేళకు, అదే పనిలో, అదే మాట. ఇంతకు మించిన బోధనా పద్ధతి ఏ శిక్షణ కళాశాలలోనూ లేదు. దీనికి పలక అక్కరలేదు, బలపం అక్కరలేదు.

కోస్తా జిల్లాలలో ఒక చక్కని ఆచారం ఉన్నది. పాప అడుగులు వేస్తే అరిసెలు పంచుతారు. పలుకులు మొదలుపెడితే పంచదార చిలకలు పంచుతారు. అడుగుకు అరిసె, పలుకుకు చిలక. పేర్లలోని ధ్వనుల పోలికను బట్టి పిండివంటను ఎంచుకున్నారు. నాకు అందులో నచ్చినది మరొకటి ఉన్నది. నడకతో సమానంగా మాటకు కూడా ఒక పండుగను కేటాయించారు మన పెద్దలు. ఈనాడు మొదటి పుట్టినరోజుకు కేకు వస్తున్నది, బెలూన్లు వస్తున్నవి, ఫోటోగ్రాఫరు వస్తున్నాడు. సంతోషమే. ఆ రోజున పాప పలికిన తొలి మాటలేమిటని అడిగేవారు మాత్రం కరువయ్యారు.

ఇక నన్ను కలవరపెడుతున్న విషయానికి వస్తాను. పాపకు తినిపించవలసి వచ్చినప్పుడల్లా చెంబుకు ఆనించి సెల్‌ఫోను నిలబెట్టడం ఇంటింటా కనబడుతున్నది. బొమ్మలు ఆడుతుంటాయి, పాప నోరు తెరుస్తుంది, గిన్నె ఖాళీ అవుతుంది. తల్లి తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. ఇంటెడు చాకిరీ నడుమ ఆమెకు దొరికిన ఉపాయం అది. కొందరు "తెలుగు పాటలే పెడుతున్నాం గదా" అని సమాధానం చెబుతారు. దీనిని గురించి కూడా పరిశోధన జరిగింది. 2003లో ప్యాట్రీషియా కూల్ అనే శాస్త్రవేత్త బృందం అమెరికాలోని తొమ్మిది నెలల పిల్లలకు చైనా వారి మాండరిన్ భాషను వినిపించింది. మనిషి ఎదుట కూర్చుని, ఆడిస్తూ మాట్లాడినప్పుడు పిల్లలు ఆ ధ్వనులను పట్టుకున్నారు. అదే మాటలను తెర మీద చూపినప్పుడు పట్టుకోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2019లో ఇచ్చిన మార్గదర్శకాలలో ఏడాది లోపు పిల్లలకు తెర అసలే వద్దని, ఏడాది నిండిన పిల్లలకు కూడా సిఫారసు చేయలేమని చెప్పింది. కాబట్టి ఫోనులోని తెలుగు పాట అవ్వ నోటి తెలుగుకు బదులు కాజాలదు. పాప చూపు ఎటు తిరిగితే అటు తిరిగి ఆ వస్తువు పేరు చెప్పడం, పాప "ఊ" అంటే తిరిగి "ఊ" అనడం ఫోనుకు చేతకాని పని.

కొందరు తల్లిదండ్రుల అభ్యంతరాలు నాకు తెలుసు. వాటికి మర్యాదగానే సమాధానం చెప్పదలచుకున్నాను.

మొదటిది: "మనం ఉన్నది కర్ణాటకలో. తెలుగు మాట్లాడితే పాపకు కన్నడం రాదేమో." ఈ భయానికి ఆధారం లేదు. కన్నడం మన బ్రతుకు భాష, దానిని చక్కగా నేర్చుకోవడం మన బాధ్యత. 2015 నాటి కన్నడ భాషాభ్యసన చట్టం ప్రకారం బడిలో కన్నడం ప్రథమ భాషగానో ద్వితీయ భాషగానో వచ్చి తీరుతుంది. వీధిలో, అంగడిలో, బస్సులో ఎట్లాగూ వినబడుతుంది. పైగా రెండూ ఒకే కుటుంబానికి చెందిన భాషలు. లిపులు అక్కచెల్లెళ్ళవలె ఉంటాయి. మన అత్త వారి అత్తె, మన బువ్వ వారికీ బువ్వే. ఒకటి గట్టిగా వచ్చిన బిడ్డకు రెండవది తొందరగా పట్టుబడుతుంది.

రెండవది: "రెండు భాషలు వింటే పాపకు మాటలు ఆలస్యమవుతాయి." ఇది చదువుకున్నవారు కూడా చెప్పే మాట. రెండు భాషల నడుమ పెరగడం వలన భాషాలోపం కలుగదని పరిశోధకులు ఎంతోకాలంగా చెబుతున్నారు. ఒక్కొక్క భాషలో విడివిడిగా లెక్కిస్తే మాటలు తక్కువగా కనిపించవచ్చు, రెండింటినీ కలిపి లెక్కిస్తే తోటి పిల్లలతో సమానంగా ఉంటాయి. ఏడాది నిండినా పాప పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయినా, చప్పుళ్ళకు స్పందించకపోయినా, ముద్దుపలుకులు పలుకకపోయినా నెపాన్ని తెలుగు మీద వేసి ఊరుకోవద్దు. వెంటనే వైద్యుని వద్దకు తీసుకొనిపోయి వినికిడిని పరీక్ష చేయించండి. భాషను మానివేయడం దానికి చికిత్స కాదు.

మూడవది: "ఇప్పటినుండే ఇంగ్లీషు అలవాటు చేస్తున్నాము." ఏమి అలవాటు చేస్తున్నారో గమనించండి. కుక్కను చూపి 'డాగ్', నీళ్ళను చూపి 'వాటర్', చెప్పును చూపి 'షూ'. పాపకు చివరకు అందేది ముప్పై పేర్ల జాబితా. వాటి వెనుక వాక్యం లేదు. "అదిగో కుక్క వచ్చింది, తోక ఊపుతున్నది, పాపను చూస్తున్నది, దా దా అని పిలుద్దామా" అన్నప్పుడు పాపకు పేరుతోపాటు క్రియ, కాలం, ప్రశ్న, పిలుపు అన్నీ అందుతాయి. మీకు ధారాళంగా వచ్చిన భాషలోనే అట్లా మాట్లాడగలరు. మీకు వచ్చినది తెలుగైతే పాపకు తెలుగులోనే ధారాళమైన భాష దొరుకుతుంది. ఇంగ్లీషును బడిలో నేర్చుకొనే నాటికి ఆ వాక్యజ్ఞానమే దానికి ఊత అవుతుంది.

నాలుగవది: "మాకు తీరిక ఎక్కడిది?" ఇది అన్నిటికంటే న్యాయమైన ప్రశ్న. మగ్గం నేసే ఇంటిలో, చెనక్కాయల చేలలో కూలికి పోయే ఇంటిలో తీరిక ఉండదు. అయితే నేను అడుగుతున్నది వేరే సమయాన్ని కాదు. చేస్తున్న పనినే పైకి మాటలలో చెప్పండి. పడుగు, పేక, కండె, నాడె అన్న మాటలు మగ్గం ప్రక్కన కూర్చున్న పాపకు బడి నేర్పలేని పదసంపద. తల్లిదండ్రులు పనుల కోసం బెంగళూరులో ఉండి పాపను అవ్వాతాతల వద్ద ఉంచిన ఇళ్ళలో ఈ పని పెద్దల చేతిలో ఉన్నది. వారికి ఈ విషయం ఎవరైనా చెప్పాలి.

ఉపాధ్యాయ మిత్రులకు కూడా ఒక మాట. మన సరిహద్దు తెలుగులో కన్నడ పదాలు కలిసి ఉంటాయి, యాస వేరుగా ఉంటుంది. "ఇది తెలుగు కాదు" అని ఎవరైనా అంటే ఆ తల్లి సిగ్గుపడి మరునాటి నుండి పాపతో మాట్లాడడమే తగ్గిస్తుంది. గ్రంథభాషను మనం తరువాత నేర్పవచ్చు. ఉన్న మాటను ముందు గౌరవించాలి. బడిలోని పెద్ద పిల్లలకు ఒక చిన్న పని అప్పగించండి. ఇంటిలోనో పొరుగింటిలోనో ఉన్న పసిబిడ్డతో పెద్దలు వాడే మాటలను, పాప తిరిగి పలికే మాటలను తేదీ వేసి ఒక నోటుపుస్తకంలో వ్రాసుకొని రమ్మనండి. అక్కకు అన్నకు అది భాషాపాఠం. అమ్మకు తాను చేస్తున్నది విద్యాబోధన అన్న గుర్తింపు. అంగన్‌వాడీలో తల్లులు కలిసే రోజున ఒక పావుగంట ఇదే విషయం మాట్లాడడానికి మనం వెళ్ళవచ్చు.

రాజ్యాంగంలోని 350ఎ అధికరణం అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన సౌకర్యం కల్పించడానికి రాష్ట్రాలు ప్రయత్నించాలని చెబుతున్నది. దానిని మనం అడిగి సాధించుకోవాలి. కాని ఆ అధికరణం బడి గడప దగ్గర మొదలవుతుంది, ఉయ్యాల దగ్గరకు రాదు. అక్కడ మాతృభాష ఉండాలా వద్దా అన్నది ఇంటివారి నిర్ణయమే. ఇంటిలో వినని భాషను బడిలో మాతృభాష అని పేరుపెట్టి చెప్పవలసి వస్తే పిల్లకూ కష్టమే, ఉపాధ్యాయునికీ కష్టమే.

మీ ఇంటిలో ఏడాది పాప ఉంటే ఈ సాయంత్రం బువ్వ వేళకు ఫోనును ప్రక్కన పెట్టి ఆ పది నిమిషాలు మాట్లాడుతూ తినిపించండి. మొదట పాప మారాం చేయవచ్చు. వారం రోజులు ఓపిక పట్టండి. పాప పలికిన తొలి మాటలను వ్రాసి ఉంచండి. ఐదేళ్ళకు ఆ పాప మా ఎదుట కూర్చున్నప్పుడు మేము అందుకొని ముందుకు సాగవలసినది ఆ మాటల నుండే.