నీరు తగ్గితే... నది లేచింది!

శ్రీశైలం జలాశయంలో నీటిమట్టం సుమారు 840 అడుగుల కిందికి దిగితే చాలు... సంగమేశ్వరంలో ఓ గోపురం కొస నీళ్లలోంచి తల ఎత్తుతుంది. రోజులు గడిచేకొద్దీ గుడి, మండపం, ప్రాకారం ఒక్కొక్కటే బయటపడతాయి. పేరుకుపోయిన బురద కడిగి, వేపదారు శివలింగానికి మళ్లీ దీపం పెడతారు. వానాకాలం వరద గర్భగుడిని తాకేదాకా పూజలు సాగుతాయి. ఆ తర్వాత గోపురానికి చివరి హారతి ఇచ్చి, స్వామిని కృష్ణమ్మకు అప్పగించేస్తారు.

భక్తులకు అది పండగే. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వాళ్లకు మాత్రం గుబులు! ఎక్కడి సంగమేశ్వరం, ఎక్కడి మదనపల్లె అనుకోవద్దు. హంద్రీ-నీవా కాలువకు నీళ్లు తోడే మల్యాల పంపులు ఉన్నది ఆ జలాశయం ఒడ్డునే. అక్కణ్నుంచి ఒక్కో మెట్టూ ఎత్తిపోసుకుంటూ ఏడు వందల కిలోమీటర్లకు పైగా నడిపించుకొచ్చిన కృష్ణా జలాలకు 2025 ఆగస్టులో కుప్పం దగ్గరి పరమసముద్రంలో హారతి ఇచ్చారు. గుడి పైకి తేలిందంటే ఆ పంపులకు నీరు అందనంటోందని అర్థం. మల్యాలకు అందని లోతు నుంచి తోడేందుకే 2017లో ముచ్చుమర్రి ఎత్తిపోతలను ప్రారంభించారు.

జలాశయం తగ్గితే మనకు కనిపించేది గుడి. మరి నది సంగతో?

ఎడారిలో ఏం జరిగింది?

శ్రీశైలం ఆనకట్టకు నెహ్రూ శంకుస్థాపన చేసింది 1963లో. సరిగ్గా అదే ఏడాది మార్చిలో అమెరికాలో కొలరాడో నది మీద గ్లెన్ కేనియన్ డ్యామ్ గేట్లు మూశారు. ఎత్తు 710 అడుగులు. చుట్టూ ఎడారి. వెనక నిలిచిన నీటికి లేక్ పావెల్ అని పేరు పెట్టారు. అది నిండటానికి పదిహేడేళ్లు పట్టింది. ఎర్రరాతి లోయలు, వాటి పక్కన వందలాది సన్నటి వాగులు, రాతి తోరణాలు అన్నీ మునిగిపోయాయి. ఇక వాటి కథ ముగిసిందనే అనుకున్నారంతా.

2000 నుంచి కరవు మొదలైంది. నీరు దిగుతూ దిగుతూ 2023 ఫిబ్రవరికి జలాశయంలో పావు వంతు కూడా మిగల్లేదు. నిండుగా ఉన్నప్పటికంటే మట్టం దాదాపు 180 అడుగులు కిందికి పోయింది. తేలిన రాళ్లకు స్నానాల తొట్టెకు పట్టినట్టు తెల్లటి చారలు. చూసినవాళ్లు అయ్యో అన్నారు.

కానీ పక్క లోయల్లోకి నడిచి వెళ్లినవాళ్లకు వేరే దృశ్యం కనిపించింది. నిలవ నీటి కింద ఉండిపోయిన వాగులు మళ్లీ పారుతున్నాయి. వాటి ఒడ్డున విల్లోలు, కాటన్‌వుడ్ చెట్లు మొలిచాయి. ఎవరూ నాటలేదు! ఎగువన కాటరాక్ట్ కేనియన్‌లో, నది రాళ్లను ఢీకొని ఉరికే చోట్లు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. ఏ ఉరవడి ఎప్పుడు లేచిందో అక్కడి పడవవాళ్లు పాత ఫొటోలు దగ్గర పెట్టుకుని పోల్చి చూస్తున్నారు.

తీరని బాకీ... ఒండ్రు

అన్నీ శుభవార్తలే కాదు. నది వెంట తెచ్చిన మట్టి దశాబ్దాలపాటు జలాశయం మొదట్లోనే పేరుకుంది. నీరు తగ్గాక నది ఆ మట్టిని కోసుకుంటూ పాత దారి వెతుక్కుంటోంది. శాన్ హువాన్ అనే ఉపనదికి ఆ దారి దొరకలేదు. పక్కనున్న రాతి గట్టెక్కి దూకుతోంది. ఆ కొత్త జలపాతం చేపలకు అడ్డుగోడ అయింది. ఎగువకు ఈదలేక అవి కిందే ఆగిపోతున్నాయి. పైగా కొలరాడో నీటి మీద దాదాపు నాలుగు కోట్లమంది ఆధారపడ్డారు. వాగులు బతికాయన్న సంతోషం ఒకవైపు, కుళాయి ఆగుతుందేమోనన్న భయం మరోవైపు.

మట్టి బాకీ మనకూ ఉంది. శ్రీశైలం కట్టినప్పుడు సామర్థ్యం 308 టీఎంసీలు. పూడిక చేరీ చేరీ అది 215 టీఎంసీల దగ్గరికి వచ్చింది. అంటే గేట్లు ఎత్తకుండానే, ఎవరూ తోడకుండానే దాదాపు మూడో వంతు చోటు పోయినట్టు! వందకు పైగా ఊళ్లు ఖాళీ చేసి ఇచ్చిన చోటు అది.

మన వాకిట్లో నదులు

జలాశయాలు వద్దనుకునే పరిస్థితి కరవు సీమకు లేదు. వేసవిలో ట్యాంకరు కోసం బిందెలు వరుసపెట్టిన ఇల్లాలికి కాలువ నీటి విలువ వేరే చెప్పాలా? అయితే గ్లెన్ కేనియన్ చెప్పే మాట ఒకటుంది. జలాశయానికి ఆయుష్షు ఉంది, నదికి ఓపిక ఉంది. పారే చోటు ఇస్తే చాలు, అది తనంతట తనే కోలుకుంటుంది.

మదనపల్లెకు బాహుదా ఉంది. నంది కొండల్లో పుట్టిన పాలారు కుప్పం వైపు 33 కిలోమీటర్లు నడిచి తమిళనాడుకు వెళ్తుంది. పుంగనూరు చుట్టూ చెరువులున్నాయి. ఇవి ఏటా నిండుగా పారకపోవచ్చు. కానీ వాన పడిన నాలుగు రోజులైనా పారడానికి దారి ఉండాలి కదా. వంకలో ఇల్లు లేవకుండా, చెరువుకు నీరు తెచ్చే కాలువ పూడకుండా, ఏటి గర్భంలో చెత్త పడకుండా చూసుకోవడానికి శ్రీశైలం నిండేదాకా ఆగక్కర్లేదు.

సంగమేశ్వరుడు ఏటా నీళ్లలోంచి లేచొస్తాడు. దారి వదిలితే బాహుదా కూడా లేస్తుంది.