మిషన్ మారినా.. మెయిల్ మిగలాలి!

‘నిన్న సాయంత్రం దాకా బాగానే ఉంది. ఇవాళ లాగిన్ అయితే పాత మెయిల్స్ ఒక్కటీ కనిపించట్లేదు. ఏం చేస్తారు?’ డెస్క్‌టాప్ సపోర్ట్, సిస్టమ్ అడ్మిన్ ఉద్యోగాల ఇంటర్వ్యూలో ఇలాంటి ప్రశ్న ఎదురైతే ‘ఔట్‌లుక్ మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తా’ అనేయడం తేలికే. కానీ ఆ యూజర్ పనిచేసేది వర్చువల్ మిషన్ మీదైతే, ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఆ మెయిల్ ఫైలు ఇంతకీ ఎక్కడ ఉండేది?

ఇప్పుడే ఎందుకు?

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆఫీస్ 2016, 2019లకూ, ఎక్స్ఛేంజ్ సర్వర్ 2016, 2019లకూ గడువు అదే రోజు. దాంతో పాత కంప్యూటర్లున్న సంస్థల ముందు రెండు దారులు నిలిచాయి. ఒకటి, కొత్తవి కొనడం. రెండోది, పాతవాటిని తెరగా మాత్రమే వాడుకుంటూ అసలు విండోస్‌ను క్లౌడ్‌లో నడపడం. విండోస్ 365, అజూర్ వర్చువల్ డెస్క్‌టాప్‌లలో నడిచే విండోస్ 10 మిషన్లకు అదనపు రుసుము లేకుండానే భద్రతా అప్‌డేట్లు ఇస్తుండటం ఈ రెండో దారికి కలిసొచ్చే అంశం. అయితే డెస్క్‌టాప్ క్లౌడ్‌కి వెళ్లినంత మాత్రాన మెయిల్ ఫైళ్లు వాటంతటవే భద్రంగా ఉండవు.

రెండు ఫైళ్లు.. రెండు కథలు

ఔట్‌లుక్‌లో మెయిల్ ప్రధానంగా రెండు రకాల ఫైళ్లలో నిల్వ ఉంటుంది. ఓఎస్‌టీ అనేది సర్వర్‌లో ఉన్న మెయిల్‌కు నకలు. పోయినా మళ్లీ దిగుతుంది. పీఎస్‌టీ అలా కాదు. పాత మెయిల్స్‌ను సర్వర్ నుంచి తీసి అందులోకి మార్చితే, ఉన్న ఒక్క ప్రతీ అదే కావచ్చు. పోతే పోయినట్టే!

వర్చువల్ డెస్క్‌టాప్‌లూ రెండు రకాలు. పర్సిస్టెంట్ మిషన్ మన సొంత గది లాంటిది. పెట్టిన వస్తువు పెట్టినచోటే ఉంటుంది. నాన్ పర్సిస్టెంట్ మిషన్ లాడ్జి గది లాంటిది. ఖాళీ చేయగానే ఊడ్చేసి తర్వాతివారికి ఇస్తారు. పీఎస్‌టీని అక్కడి సీ డ్రైవ్‌లో వదిలేస్తే లాగ్ ఆఫ్‌తోపాటే మాయమవుతుంది. ఓఎస్‌టీతో ఇంకో తలనొప్పి. 200 మందికి ఒక్కొక్కరిదీ 5 జీబీ అనుకుంటే, ప్రతి ఉదయం 1,000 జీబీ మళ్లీ దిగాలి. మెయిల్ పోదు కానీ ఆఫీసు మొత్తం నెమ్మదిస్తుంది.

షేర్‌లో పెడితే పోలా?

‘నెట్‌వర్క్ షేర్‌లో పెడదాం’ అనేది వెంటనే తట్టే జవాబు. తొందరపడొద్దు. ఔట్‌లుక్ ఈ ఫైలును నిరంతరం చదువుతూ, రాస్తూ ఉంటుంది. మధ్యలో నెట్‌వర్క్ తెగితే ఫైలు పాడయ్యే ముప్పుంది. అందుకే మామూలు ఆఫీసు నెట్‌వర్క్ మీద పీఎస్‌టీ వాడకానికి మైక్రోసాఫ్ట్ మద్దతు ఇవ్వదు. వర్చువల్ డెస్క్‌టాప్‌లకు కొంత వెసులుబాటు ఉన్నా, వేగమైన నెట్‌వర్క్ ఉండాలి, ఒక ఫైలును ఒక్కరే తెరవాలి లాంటి షరతులున్నాయి.

దీనికి బాగా వాడుకలో ఉన్న పరిష్కారం ఎఫ్‌ఎస్‌లాజిక్స్. ఈ సంస్థను మైక్రోసాఫ్ట్ 2018లో కొనుగోలు చేసింది. ఇది యూజర్ ప్రొఫైల్ మొత్తాన్ని ఒక వర్చువల్ డిస్క్‌లో పెట్టి, లాగిన్ కాగానే మిషన్‌కు తగిలిస్తుంది. ఔట్‌లుక్‌కు ఓఎస్‌టీ సొంత డ్రైవ్‌లోనే ఉన్నట్టు కనిపిస్తుంది. రేపు వేరే మిషన్ దొరికినా ఆ డిస్క్ వెంటే వస్తుంది. దీంతోపాటు ఓఎస్‌టీలో ఎన్ని నెలల మెయిల్ ఉంచాలో పరిమితి పెడితే సైజూ అదుపులో ఉంటుంది. ఇక పీఎస్‌టీల్లోని పాత మెయిల్‌ను సర్వర్‌లోని ఆర్కైవ్ మెయిల్‌బాక్స్‌లోకి ఎక్కించడమే మేలు.

ఇంట్లోనే ప్రాక్టీస్

దీన్ని నేర్చుకోవడానికి కోచింగ్ అక్కర్లేదు. వర్చువల్‌బాక్స్, థండర్‌బర్డ్ రెండూ ఉచితమే. వర్చువల్ మిషన్‌లో థండర్‌బర్డ్ పెట్టి, ఐమ్యాప్ పద్ధతిలో ఒక టెస్ట్ మెయిల్ ఖాతా కలపండి. స్నాప్‌షాట్ తీయండి. తర్వాత కొత్తగా వచ్చిన ఒక మెయిల్‌ను లోకల్ ఫోల్డర్స్‌లోకి కాపీ చేసి, పాత స్నాప్‌షాట్‌కు వెనక్కి వెళ్లండి. ఆ కాపీ కనిపించదు. ఇన్‌బాక్స్‌లోని అసలు మెయిల్ మాత్రం సర్వర్ నుంచి మళ్లీ దిగుతుంది. స్నాప్‌షాట్ బ్యాకప్ కాదన్న సంగతీ అక్కడే అర్థమవుతుంది.

ఈసారి ఇంటర్వ్యూలో ఆ ప్రశ్న వస్తే వరసగా చెప్పండి: ‘ముందు అది ఏ రకం మిషనో చూస్తా. ఫైలు ఓఎస్‌టీనా, పీఎస్‌టీనా అడుగుతా. సర్వర్‌లో అసలు ప్రతి ఉందో లేదో వెబ్‌లో లాగినై సరిచూస్తా. అది తేలేదాకా దేన్నీ డిలీట్ చేయను.’ ఆ చివరి మాట మర్చిపోవద్దు. సంస్థ మీ చేతికి అప్పగించేది మిషన్ ఒక్కటే కాదు, ఒకరి ఏళ్ల తరబడి పని కూడా.