గురి తప్పిన గుండూ లెక్కలోకి రావాలి

1946లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా అడవుల్లో జాన్ నోస్లర్ అనే అమెరికన్ ఒక మగ మూస్‌ను కొట్టాడు. మూస్ అంటే మన కణితిని మించిన భారీ జింక. అప్పుడే బురదలో పొర్లి వచ్చిందేమో, ఒళ్లంతా బురద పెచ్చులు కట్టి ఉంది. నోస్లర్ చేతిలో ఉన్నది ఆ రోజుల్లో పేరుమోసిన .300 మాగ్నమ్ రైఫిల్. అయినా గుండు లోపలికి దిగలేదు, తోలు దగ్గరే చిట్లిపోయింది. మళ్లీ కాల్చాడు. మళ్లీ అదే తంతు. చివరికి ఆ జంతువు పడింది గానీ, జరిగిన తీరు ఆయనకు మింగుడుపడలేదు.

ఆయన తుపాకుల వ్యాపారి కాడు, లారీలు నడుపుకునే మనిషి. ఇంటికి వచ్చి గుండు లోపలి కట్టడం మీద పడ్డాడు. మామూలు వేట గుండులో మెత్తని సీసం ఉంటుంది, దానిపైన రాగి తొడుగు. తగలగానే సీసం పుట్టగొడుగులా విచ్చుకుని పెద్ద గాయం చేయాలి. కానీ వేగం మరీ ఎక్కువగా ఉన్నప్పుడు, దగ్గర్నుంచి కొట్టినప్పుడు, పలుచని తొడుగు తట్టుకోలేక ముక్కలైపోయేది. నోస్లర్ గుండు మధ్యలో ఒక రాగి అడ్డుగోడ పెట్టాడు. ముందు సగం విచ్చుకుంటుంది, వెనక సగం చెదరకుండా లోపలికి చొచ్చుకుపోతుంది. మరుసటి ఏడాది వేటలో అది పనిచేసింది. 1948లో కంపెనీ పెట్టాడు. 'పార్టిషన్' అనే ఆ గుండు నేటికీ అమ్ముడవుతోంది.

వేటగాళ్లు నలుగురు ఒకచోట చేరితే మాటలకు కొదవుండదు. ఏ జంతువు, ఏ రైఫిల్, ఎంత దూరం, ఎక్కడ తగిలింది అంటూ రాత్రంతా సాగుతాయి. వాటిలో ఎక్కువ భాగం పడిన జంతువు గురించే. పడకుండా పోయినదాని గురించి ఎవరైనా నోరు విప్పినప్పుడే తుపాకి విద్య ఒక అడుగు ముందుకు వేసింది. నోరు విప్పని చోట మూల్యం చెల్లించినవాళ్లు వేరే.

అమెరికా వేట పత్రికల్లో దశాబ్దాల పాటు సాగిన ఒక తగవు ఉంది. వేట రచయిత జాక్ ఓకానర్ తేలిక గుండు, మెరుపు వేగం పక్షం. 1925లో వచ్చిన .270 వించెస్టర్ తూటా ఆయనకు ప్రాణం. దాని గుండు బరువు 8.4 గ్రాములు, వేగం సెకనుకు 900 మీటర్లకు పైమాటే. ఐడహోకు చెందిన మరో రచయిత ఎల్మర్ కీత్‌ది ఎదుటి పక్షం. గుండు లావుగా, బరువుగా ఉండాలి, వేగం కాస్త తగ్గినా ఫరవాలేదంటాడు. ఇద్దరికీ వేలమంది అభిమానులు. ఇద్దరి రాతల్నీ పక్కపక్కన పెట్టి చదివితే తేలేది ఒకటే. ఊపిరితిత్తులకో గుండెకో తగిలినప్పుడు ఇద్దరి గుండ్లూ పనిచేశాయి, పొట్టలో తగిలినప్పుడు ఇద్దరివీ విఫలమయ్యాయి.

ఇలాంటి కబుర్లలో సగమే నిజం చేరితే ఏమవుతుందో 'కరమోజో' బెల్ కథ చెబుతుంది. ఈ స్కాట్లండ్ వేటగాడు ఆఫ్రికాలో వెయ్యికి పైగా ఏనుగుల్ని చంపాడు. వాటిలో చాలావాటికి వాడింది జింకల వేటకు సరిపోయే 7 మిల్లీమీటర్ల చిన్న రైఫిల్. ఆ ముక్క ప్రపంచమంతా పాకింది. ఆయన ఏనుగు పుర్రెల్ని రంపంతో కోయించి, మెదడు ఎక్కడుందో, ఏ కోణం నుంచి ఎలా కనబడుతుందో నేర్చుకున్నాడన్న సంగతి మాత్రం అంత దూరం వెళ్లలేదు. మెత్తగా విచ్చుకునే గుండు కాకుండా, ముక్కు దాకా గట్టి తొడుగున్న గుండు వాడాడన్నదీ అంతే. ఆ విద్య లేకుండా ఆ రైఫిల్ ఒక్కటే పట్టుకుని వెళ్లినవాడు ఏనుగును గాయపరచి వదలడం తప్ప చేసేదేమీ ఉండదు.

గాయపడి తప్పించుకున్న జంతువు ఏం చేస్తుందో మన దేశానికి బాగా తెలుసు. 1907లో వేటగాడు జిమ్ కార్బెట్ హిమాలయాల్లోని కుమావ్ ప్రాంతంలో చంపిన చంపావత్ ఆడపులి అప్పటికి 436 మందిని పొట్టన పెట్టుకుంది. చచ్చాక చూస్తే కుడివైపు పై కోర, కింది కోర రెండూ విరిగి ఉన్నాయి. ఎవరో ఎప్పుడో కాల్చిన గుండు దెబ్బ అది. అడవి జంతువును పట్టలేకే మనుషుల మీద పడిందని కార్బెట్ తేల్చాడు. ఆ మొదటి గుండు పేల్చిన మనిషి పేరు ఎవరికీ తెలియదు. కార్బెట్ మాత్రం తన సంగతి దాచుకోలేదు. ఆ రోజు తన దగ్గరున్న మూడు తూటాలూ అయిపోతే తహసీల్దారు తుపాకి అందుకున్నానని, పులి నోటికి గురిపెడితే గుండు పాదానికి తగిలిందని తానే రాసుకున్నాడు.

అప్పటి చిత్తూరు జిల్లా చామల లోయలో తిరిగిన నరమాంసభక్షక పులి గురించి రాసిన కెన్నెత్ ఆండర్సన్ పుట్టింది సికింద్రాబాద్ బొల్లారంలో. .405 వించెస్టర్ రైఫిల్ పట్టుకుని తిరిగిన ఆయన కథల్లోనూ గాయపడిన జంతువు మనుషుల మీదికి తిరగడం పదే పదే కనబడుతుంది. పులి మీద కాలుపెట్టి దిగిన రాజుల, దొరల ఫొటోలు మన గోడల మీద ఎన్ని లేవు! రక్తం కారుతూ పొదల్లోకి పోయిన పులికి ఫొటో ఉండదు.

డెన్మార్క్ ఈ కనబడని లెక్కను తీసింది. 1990లలో అక్కడి పరిశోధకులు గులాబి కాళ్ల అడవి బాతుల్ని ప్రాణాలతో పట్టి ఎక్స్‌రే తీశారు. ఎదిగిన పక్షుల్లో దాదాపు మూడింట ఒకదాని ఒంట్లో తుపాకి రవ్వలు కనిపించాయి. వేటగాళ్ల సంఘం కోపం తెచ్చుకుని ఊరుకోలేదు. దగ్గరికొస్తే తప్ప కాల్చవద్దని 1997 నుంచి సొంత సభ్యులకే చెప్పడం మొదలుపెట్టింది. తర్వాతి ఎక్స్‌రేలలో, ముఖ్యంగా పిల్ల పక్షుల్లో, ఆ సంఖ్య బాగా తగ్గింది.

ఇప్పుడు అసలు తగవు సీసం గురించి. రైఫిల్ గుండు జంతువులో పగిలినప్పుడు సీసం కంటికి ఆనని రేణువులై మాంసంలోకి చెదిరిపోతుంది. వేటగాడు పేగులు తీసి అడవిలో పారేసి పోతాడు. వాటిని తినేవి రాబందులు. 1982 నాటికి 22కు పడిపోయిన కాలిఫోర్నియా కాండర్ రాబందుల్ని కోట్లు ఖర్చుపెట్టి పెంచి మళ్లీ అడవిలో వదిలితే, అక్కడ వాటి చావులకు మొదటి కారణం సీసమేనని తేలింది. మనిషి పళ్లెమూ ఇందుకు మినహాయింపు కాదు. 2008లో నార్త్ డకోటాలో పేదల కోసం దానమిచ్చిన జింక మాంసాన్ని స్కాన్ చేస్తే లోహపు తునకలు కనిపించాయి. ఆ రాష్ట్రంలోనే 738 మందికి రక్తపరీక్షలు చేస్తే, వేట మాంసం తినేవారిలో సీసం కాస్త ఎక్కువగా ఉందని తేలింది.

పరిష్కారం వేటగాళ్ల గూట్లోనే ఉంది. బార్న్స్ కంపెనీ 1980ల చివర్లో తెచ్చిన, సీసమే లేని రాగి గుండు పక్షుల కోసం పుట్టలేదు. లోపలికి దిగాక ముక్కలు కాకూడదన్న పాత బాధలోంచే పుట్టింది. మొదట్లో అది గొట్టంలో రాగి పూత వదులుతోందని, ఒకే చోట తగలడం లేదని వాడినవాళ్లు మొహమాటం లేకుండా చెప్పారు. 2003లో చుట్టూ గాడులు కోసిన రకం వచ్చాక ఆ ఫిర్యాదులు చాలావరకు తగ్గాయి. కాలిఫోర్నియా 2013లో చట్టం చేసి 2019 జూలై 1 నుంచి వేటలో సీసాన్ని పూర్తిగా ఆపేసింది. అరిజోనా చట్టం జోలికి పోకుండా 2005 నుంచి కాండర్లు తిరిగే చోట వేటాడేవారికి రాగి తూటాలు ఉచితంగా ఇచ్చింది, ఎక్కువమంది వేటగాళ్లు సరేనన్నారు. రాగి తూటా ధర ఎక్కువ, అన్ని తుపాకులకూ దొరకదు అన్నది నిజమైన ఇబ్బందే. అయినా తోటి వేటగాడు 'దీంతో దుప్పి నిలబడ్డ చోటే పడింది' అని చెప్పే మాటకు ఉన్న విలువ అధికారి సర్క్యులర్‌కు రాదు.

మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం తర్వాత వినోదపు వేటకు తలుపులు మూసుకున్నాయి. ఆ చట్టం ఉండాల్సిందే. కానీ తుపాకి మోత మాత్రం ఆగలేదు. మొక్కజొన్న, వేరుశెనగ చేల మీద పడే అడవి పందుల్ని లైసెన్సున్న షూటర్లతో కాల్పించడానికి తెలంగాణలో షరతులతో అనుమతి ఉంది. చాటుగా నాటు తుపాకులు, కరెంటు తీగలు ఎలాగూ ఉన్నాయి. కళేబరంలోని విషం ఏం చేస్తుందో మనం ఇప్పటికే చూశాం. డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు పడిన పశువుల కళేబరాలు తిని మన రాబందులు కుప్పకూలాయి. పశువులకు ఆ మందు వాడకాన్ని 2006లో నిషేధించాల్సి వచ్చింది. సీసం నడిచే దారీ కళేబరమే.

కాబట్టి పందిని కాల్చడానికి ఇచ్చే ప్రతి అనుమతితోపాటు ఒక లెక్క అడగాలి. ఎన్ని తూటాలు పేలాయి, ఎంత దూరం నుంచి, ఏ రకం గుండు, ఎన్ని పందులు అక్కడే పడ్డాయి, ఎన్ని గాయంతో పోయాయి, పోయినవాటిని ఎవరు వెతికారు. స్వీడన్‌లో పెద్ద జంతువుల్ని వేటాడేవారు గాయపడ్డదాన్ని వెతకడానికి శిక్షణ పొందిన కుక్కను రెండు గంటల్లో రప్పించగలగాలన్న నిబంధన ఉంది. మన దగ్గర కనీసం తెల్లారేలోపు చేను చుట్టూ గాలించాలన్న నియమమైనా పెట్టవచ్చు. దీనికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు, అనుమతి పత్రంలో నాలుగు గళ్లు చేర్చి, నింపిన కాగితాన్ని పంచాయతీ నోటీసు బోర్డుకు అంటిస్తే చాలు. గాయపడిన పంది తెల్లారి ఎదురయ్యేది చేనుకు వెళ్లే రైతుకే కాబట్టి, ఆ లెక్క మొదట చూడాల్సిందీ ఆయనే.