అడిగే తీరు

పిల్లలూ! చిల్లకూరులో మీ ఇంటి దగ్గర ఒక నిమ్మతోట వున్నదనుకోండి. గూడూరు చుట్టుపక్కల నిమ్మతోటలకు కొదవ లేదు గదా! ఇంటికి చుట్టాలు వచ్చారు. "రెండు కాయలు పట్టుకురా" అని అమ్మ పంపింది. మీరు వెళ్ళి, తోట కాసే ఆయనతో "రెండు కాయలివ్వు" అంటే ఆయన మీకేసి ఒక రకంగా చూస్తాడు. "పెదనాయనా, ఇంటికి చుట్టాలొచ్చారు. రెండు కాయలిస్తారా?" అంటే మరొక రకంగా చూస్తాడు. అడిగింది మాత్రం ఆ రెండు కాయలే!

ఇంగ్లీషువాళ్ళు అడుగడుగునా "ప్లీజ్" అంటారు. మనకు "దయచేసి" అనే మాట వున్నది గాని, "అమ్మా, దయచేసి అన్నం పెట్టు" అని ఎవరూ అనరు. అంటే అమ్మ నవ్వుతుంది. అంతమాత్రాన తెలుగువాళ్ళకు మర్యాద తెలియదనుకోరాదు. వరస పెట్టి పిలవటంలోనే సగం మర్యాద వున్నది. తక్కినది క్రియలో వున్నది: ఇవ్వు, ఇవ్వండి, ఇస్తారా, కాస్త ఇస్తారా. "ఇస్తారా" అన్నప్పుడు, ఇవ్వననటానికి కూడా ఎదుటివారికి చోటు వదిలిపెడుతున్నాము. పెద్దలు కూడా పిల్లలకు పని చెప్పేటప్పుడు ఆ చోటు వదిలితే బాగుంటుంది.

కారణం చెప్పటం కూడా ముఖ్యమే. అమెరికాలో ఎలెన్ లాంగర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞురాలూ, ఆమె తోటివారూ చేసిన ఒక పరీక్ష 1978లో అచ్చయింది. నకళ్ళు తీసే యంత్రం దగ్గరికి వచ్చినవారిని, "నావి అయిదు పేజీలే, ముందు నేను తీసుకోవచ్చా?" అని అడిగితే నూటికి 60 మంది ఒప్పుకున్నారు. "తొందరలో వున్నాను" అని కలిపితే 94 మంది ఒప్పుకున్నారు. "నకళ్ళు తీసుకోవాలి గనక" అని కారణం కాని కారణం చెప్పినా 93 మంది సరేనన్నారు! అయితే పేజీలు ఇరవై అయ్యేసరికి ఆ ఉత్తుత్తి కారణం పారలేదు. 24 మందే ఒప్పుకున్నారు. నిజమైన కారణానికి 42 మంది.

ఇరవై పేజీలకంటే ఎంతో పెద్ద కోరిక ఒకటి మన తెలుగు గడ్డమీదనే జరిగింది. 1951లో తెలంగాణాలో భూమికోసం రక్తం చిందుతున్నది. ఏప్రిల్ 18న వినోబా భావే నల్లగొండ జిల్లా పోచంపల్లికి నడిచి వచ్చాడు. అక్కడి హరిజనులు బతకటానికి 80 ఎకరాలు కావాలన్నారు. వినోబా చేతిలో అధికారమూ లేదు, ఆయుధమూ లేదు. ప్రభుత్వం ఇచ్చేదాకా ఆగకుండా ఊళ్ళోవారే ఏమైనా చెయ్యగలరా అని సభలో అడిగాడు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నాడు!

తరువాత వినోబా దేశమంతా కాలినడకన తిరిగాడు. మీకు అయిదుగురు కొడుకులుంటే నన్ను ఆరోవాడిగా ఎంచి నా వాటా ఇవ్వండని అడిగేవాడు. చూశారా, ఇక్కడ కూడా వరస కలపటమే! లక్షల ఎకరాలు వచ్చాయి. వాటిలో రాళ్ళూరప్పల నేలలూ వున్నాయి, పేదలకు చేరనివీ వున్నాయి. పోచంపల్లిని మాత్రం ఇప్పటికీ భూదాన్ పోచంపల్లి అనే పిలుస్తున్నారు.