రేకు కొయ్యడం చిన్నపనా?

గత వేసవిలో ఒక ఆదివారం ఉదయం విజయవాడలో మా ఇంటి వెనక వసారాలో, కంప్యూటరు డబ్బాను బల్లమీద పడుకోబెట్టి దాని వెనక రేకును ఆకురాయితో రాస్తున్నాను. ఒళ్ళంతా చెమట, వేళ్ళనిండా ఇనుపరజను. సరిగ్గా ఆ వేళకే మా బాబాయి వచ్చారు. కాసేపు నిలబడి చూసి, "ఏరా, అన్నయ్య నలభై ఏళ్ళపాటు మోటార్లు చుట్టి నిన్ను ఇంజనీరింగు చదివించింది మళ్ళీ నువ్వు రేకులు కోసుకోవడానికట్రా?" అన్నారు. పెద్దవారు, ఎదురు చెప్పలేదు. కాఫీ ఇచ్చి పంపించాను. కాని ఆ ప్రశ్న ఆయన ఒక్కరిదే అయితే ఇంత బాధ లేకపోను. అది మన చదువుకున్న కుటుంబాలన్నిటిదీ. కనుక ఆనాడు మింగిన జవాబును ఇక్కడ చెబుతున్నాను.

ముందు సంగతేమిటో మనవి చేస్తాను. నా కంప్యూటరు కొని 8 ఏళ్ళయింది. రాసుకోవడానికీ, చదువుకోవడానికీ, అప్పుడప్పుడు ఫొటోలు దిద్దుకోవడానికీ అది నాకు ఇంకా చాలు. అయితే ఏప్రిల్ వచ్చిందంటే దాని వెనక ఫ్యాను రొద మొదలయ్యేది. ఊరు సద్దుమణిగాక రాసుకునే అలవాటున్న మనబోటివాళ్ళకు అదెంత పరీక్షో వేరే చెప్పనక్కరలేదు. వాక్యం సగంలో ఉండగా చెవిలో తుమ్మెద దూరినట్టుండేది. ఒక దుకాణానికి తీసుకువెళితే, మూతయినా విప్పకుండా, "పాతదైపోయింది సార్, మొత్తం మార్చెయ్యండి" అన్నారు. గోటితో పోయేదానికి గొడ్డలి చేతికివ్వడమంటే ఇదే.

జబ్బు కనిపెట్టినవారు మా నాన్నగారు. ఆయనకు కంప్యూటరు వాడడం రాదు. గుడివాడలో మోటారు వైండింగు దుకాణం నడిపినవారు. నా గదిలోకి వచ్చి, డబ్బా పక్క మూత తీయించి, స్క్రూడ్రైవరు కొనను ఫ్యాను చట్రానికి ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని రెండు నిమిషాలు విన్నారు. తరవాత డబ్బా వెనక రేకును బొటనవేలితో గట్టిగా నొక్కారు. రొద సగానికి తగ్గింది. "బేరింగు బాగానే ఉంది. రేకు పాడుతోంది. గాలికి దారి లేదు" అన్నారు.

ఆ మూడు మాటల వెనక ఉన్న లెక్క ఇది. డబ్బా వెనక గాలి బయటికి పోయేచోట తయారీదారు పూర్తి వలయం కొయ్యలేదు. రేకులోనే సన్నని బెజ్జాలు గుద్ది ఊరుకున్నాడు. బెజ్జాల మధ్య మిగిలిన రేకు గాలికి అడ్డుపడుతుంది. నా ఫ్యానుకు 7 రెక్కలు. అది నిమిషానికి 1800 సార్లు, అంటే సెకనుకు 30 సార్లు తిరిగేది. 30ని 7తో హెచ్చవేస్తే 210. రేకులోని ఏ ఒక్క పట్టీమీదనైనా సెకనుకు 210 సార్లు గాలిదెబ్బ పడుతున్నదన్నమాట. పలచటి రేకు డప్పులా మోగక ఏం చేస్తుంది? ఎంత ఖరీదైన ఫ్యాను తెచ్చి బిగించినా ఆ రేకు అక్కడే ఉంటుంది, దాని పాటా దానిదే.

అందుకని రేకు కోశాను. లోపలి బోర్డులూ డిస్కులూ అన్నీ ఊడదీసి, ఉత్త డబ్బాను మిగుల్చుకున్నాకే కత్తెర పట్టాను. ఇనుపరజను ఒక్క పలుకు బోర్డుమీద మిగిలినా కొంప మునుగుతుంది. 120 మిల్లీమీటర్ల ఫ్యానుకు స్క్రూల బెజ్జాలు 105 మిల్లీమీటర్ల ఎడంలో ఉంటాయి. వాటికి తగలకుండా 115 మిల్లీమీటర్ల వలయం గీసి, గీతకు లోపలివైపు వరసగా చిన్న బెజ్జాలు వేసి, రేకు కత్తెరతో వాటిని కలుపుకుంటూ కోసి, అంచును ఆకురాయితోనూ ఉప్పుకాగితంతోనూ నునుపు చేశాను. ఆ అంచుకు నిలువునా చీల్చిన సన్నని రబ్బరు గొట్టం తొడిగాను. వేళ్ళు పడకుండా గుండ్రటి తీగ జాలీ, ఫ్యానుకూ రేకుకూ మధ్య పాత సైకిలు ట్యూబు ముక్కలు, గాలి లోపలికి వచ్చే ముందువైపు దోమల జాలీ. ఖర్చు 300 రూపాయలు దాటలేదు. రెండు ఆదివారాలు పట్టింది.

ఫలితం కూడా దాచకుండా చెబుతాను. గది 36 డిగ్రీలున్నప్పుడు, ఒకే పనిని అప్పజెప్పి చూస్తే, మునుపు ప్రాసెసరు 88 డిగ్రీలకు చేరేది. దుమ్ము దులిపినందుకే 84కు దిగింది. ఆ 4 డిగ్రీల ఘనత చీపురుది, నాది కాదు. రేకు కోసి, ముందు జాలీ పెట్టాక 79కి వచ్చింది. అదీ ఫ్యానును 1800 నుంచి 1100 చుట్లకు తగ్గించి నడిపితే. గది గాలికన్నా చల్లగా చెయ్యడం ఏ ఫ్యాను తరమూ కాదు గనుక, మా ఊరి మే నెలలో ఇంతకుమించి ఆశించడం అత్యాశే. రొద మాత్రం పోయింది. రాత్రిళ్ళు గోడమీది గడియారం వినబడుతోంది.

ఇక ఆక్షేపణలకు వస్తాను.

మొదటిది, "నీ సమయం విలువ ఎంత? ఆ రెండు ఆదివారాల జీతంతో కొత్త డబ్బాయే వచ్చేది" అని. నా ఆదివారాలకు ఎవరూ జీతమివ్వరు. ఈ లెక్క వేసేవారు క్రికెట్టు చూస్తూ గడిపిన ఆదివారాలకు ఇదే లెక్క ఎన్నడూ వెయ్యరు. పైగా నేను సంపాదించుకున్నది ఒక్క నిశ్శబ్దాన్నే కాదు, ఒక తెలివిని. ఫ్యాను వేగం సగం చేస్తే గాలి సగానికి తగ్గుతుంది. అది తినే కరెంటు ఎనిమిదోవంతుకు పడిపోతుంది. శబ్దం సుమారు 15 డెసిబెళ్ళు తగ్గుతుంది. 80 మిల్లీమీటర్ల ఫ్యానుకన్నా 120 మిల్లీమీటర్లదాని వైశాల్యం రెండుంబావు రెట్లు, కనుక చిన్నది గగ్గోలుపెట్టి తోసే గాలిని పెద్దది నింపాదిగా తోస్తుంది. ఈ సూత్రాలు ఇంజనీరింగు పుస్తకంలో నేను చదివినవే, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవే. వాటి అర్థం మాత్రం ఆకురాయి పట్టుకున్న రోజున తెలిసింది. పాతికేళ్ళు ఆలస్యంగా!

రెండవది, "ప్రమాదం కదా, వారంటీ పోతుంది కదా" అని. ప్రమాదం ఉన్నచోట ఉన్నదనే చెబుతాను. విద్యుత్తునిచ్చే పెట్టెను, అంటే పవర్ సప్లైని, ఇంట్లో విప్పరాదు. మన ఇళ్ళకు వచ్చే 230 వోల్టులు అందులో 325 వోల్టుల దాకా పెరిగి కెపాసిటర్లలో నిలుస్తాయి. ప్లగ్గు పీకాక కూడా కొంతసేపు అక్కడే ఉంటాయి. దానిలోపలి ఫ్యాను అరిచినా సరే, నేను చెయ్యిపెట్టను. అలాగే 2000ల తొలినాళ్ళలో ఒక చిట్కా ప్రచారంలో ఉండేది. పసుపు తీగ 12 వోల్టులు, ఎర్ర తీగ 5 వోల్టులు గనుక ఫ్యానును ఆ రెంటి నడుమ కలిపితే 7 వోల్టులతో మెల్లగా తిరుగుతుందని. తిరుగుతుంది, నిజమే. కాని ఆ కరెంటు 5 వోల్టుల దారిలోకి ఎదురెక్కుతుంది. ఆ ఫ్యాను షార్టయితే 12 వోల్టులు తిన్నగా 5 వోల్టుల భాగాలమీద పడతాయి. ఆనాడు వేరే మార్గం లేక చేశారు. నాలుగు తీగల ఫ్యానుల వేగాన్ని బోర్డే తగ్గించగలిగే ఈ రోజుల్లో ఆ సాహసం అనవసరం. ఎక్కడ చెయ్యి పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో తెలియడమే పనితనం. మూత విప్పినవాడికే అది తెలుస్తుంది.

వారంటీ మాటకొస్తే, నేను కోసిన రేకుకు వారంటీ అడగను. అది న్యాయమే. మూత విప్పినంత మాత్రాన యంత్రం మొత్తానికి వారంటీ పోతుందని బెదిరించే కాగితపు ముద్ర మాత్రం న్యాయం కాదు. అమెరికాలో 1975 నాటి వారంటీ చట్టాన్ని చూపి, 2018 ఏప్రిల్‌లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సిబ్బంది ఇటువంటి షరతులు పెట్టిన 6 కంపెనీలకు హెచ్చరిక లేఖలు పంపారు. మన దేశంలోనూ 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కుమీద ఒక కమిటీని వేసింది. డబ్బు కట్టి కొన్న వస్తువు మూత విప్పే హక్కు కోసం కమిటీ వెయ్యవలసి రావడమే ఒక విడ్డూరం.

మూడవది కుర్రవాళ్ళది. "అంకుల్, ఇప్పుడు కస్టమ్ ఫ్యానులే దొరుకుతున్నాయి కదా, రంగు రంగుల లైట్లతో!" దొరుకుతున్నాయి, చూశాను. అద్దాల డబ్బాలో పెళ్ళిపందిరి వేసినట్టున్నాయి. రంగులమీద నాకు పగ లేదు, ఎవరి ముచ్చట వారిది. కాని ముందువైపు గాలి దూరే సందు లేకుండా గాజుపలక బిగించి, దాని వెనక మూడు దీపాల ఫ్యానులు తిప్పే డబ్బాలు కూడా అమ్ముతున్నారు. పైన పటారం, లోన లొటారం. అందరికీ ఒకే అచ్చులో పోసి, ఒకే రిమోటుతో రంగు మార్చుకోనిచ్చి, దానికి సొంత అభిరుచి అని పేరు పెట్టడం వ్యాపారపు గడుసుదనం. తనకు కావలసినట్టు మలుచుకోవడమంటే తన యంత్రం గొంతు విని, దాని లోపమేమిటో కనుక్కుని, దానికి తగ్గ మందు వెయ్యడం. నా డబ్బాకు పనికొచ్చిన కోత మీ డబ్బాకు పనికిరాకపోవచ్చు. అందుకే అది అంగట్లో దొరకదు.

ఈ మూడూ పైపై ఆక్షేపణలు. అసలుది బాబాయి ప్రశ్నలోనే ఉంది. చేతికి మసి అంటే పని తక్కువపని, అది తప్పించుకోవడానికే చదువు.

ఈ నమ్మకాన్ని బాబాయిమీద నెట్టి నేను తప్పుకోలేను. అది మా నాన్నగారిది కూడా. ఎండాకాలంలో కాలిపోయిన పొలం మోటార్లు ట్రాక్టర్లమీద వచ్చి దుకాణం ముందు వరసకట్టేవి. మాడిన తీగను తెంచి, చుట్లు లెక్కపెట్టి, కొత్త రాగితీగ చుట్టి, వార్నిషు పోసి, పంట ఎండకముందే తిరిగి పంపేవారు. బడి వదిలాక నేను అక్కడికి పోతే ఒక్కనాడూ తీగ ముట్టుకోనివ్వలేదు. "పుస్తకం తీసుకుని ఇంటికి పో" అనేవారు. ఏ ప్రేమతో అన్నారో నాకు తెలుసు. రైతులు ఆయనను పేరు పెట్టి పిలవడం, చదువురాని గుమాస్తా కూడా ఆయనను బయట నిలబెట్టి మాట్లాడడం నేనూ చూశాను. అయినా ఆ ప్రేమలో ఒక పొరపాటు జరిగింది. అవమానించింది లోకమైతే, శిక్ష పనికి పడింది. ఆయన చెవిలో ఉన్న నలభై ఏళ్ళ విద్య నాకు అందకుండా పోయింది. నేను పట్టా తెచ్చుకుని, నా బల్లమీది యంత్రం ఎందుకు అరుస్తోందో తెలియనివాడినయ్యాను. ఇలా ఎన్ని ఇళ్ళలో జరిగిందో తలుచుకుంటే గుండె కలుక్కుమంటుంది.

ఇది చదువుతున్న మీకు ఈ మాట కొత్త కాకూడదు. 2005, 2006 ప్రాంతాల్లో మన తెరలమీద తెలుగు ఎలా ఉండేదో జ్ఞాపకముందా? ఒత్తులు విడిపోయి, గుడులు పక్కకు జరిగి, కొన్నిచోట్ల ఉత్త డబ్బాలు! కంప్యూటరు అమ్మినవాడు వచ్చి సరిచేస్తాడని మనం కూర్చోలేదు. విండోస్ ఎక్స్‌పీ కంట్రోల్ ప్యానెల్ తెరిచి, సంక్లిష్ట లిపుల గడిలో టిక్కు పెట్టి, అది అడిగిన సీడీ వెతికి వేసి, ఖతులు దింపుకుని, ఒకరికొకరు ఫోనులో చెప్పుకుంటూ మన అక్షరాలను మనమే నిలబెట్టుకున్నాం. అప్పుడు మనల్ని ఎవరూ "ఇదా నీ చదువు?" అనలేదు. మౌసుతో చేసిన మరమ్మతు మేధస్సు, ఆకురాయితో చేసిన మరమ్మతు కూలిపని ఎలా అయిందో ఎవరైనా చెబితే వినాలని ఉంది.

ఆ సాయంత్రం డబ్బా మళ్ళీ బిగించబోతుంటే నాన్నగారు వసారాలోకి వచ్చారు. రబ్బరు తొడుగు పక్కకు లాగి, నేను కోసిన అంచు పొడుగునా చూపుడువేలు నెమ్మదిగా తిప్పారు. ఒకచోట ఆగారు. "ఇక్కడ ఇంకా గరుకుంది" అన్నారు. బల్లమీది ఆకురాయిని తీసి నా చేతికిచ్చి, ఎంత ఏటవాలుగా పట్టుకోవాలో నా మణికట్టు పట్టుకుని చూపించారు. ఆయన నాకు ఒక పనిముట్టు అందించడం అదే మొదటిసారి.

బాబాయీ, మీ ప్రశ్నకు నా జవాబు ఇది. అవును, ఇందుకే. ఈపాటికి నాకు వచ్చి ఉండవలసిన పని ఇప్పుడు నేర్చుకుంటున్నాను. వచ్చే ఆదివారం మీరూ రండి, మీ ఇంట్లో రొదపెట్టే డబ్బా కూడా తీసుకురండి. ప్లగ్గు పీకి, మూత విప్పి, నాన్నగారికి వినిపిద్దాం.