ఇంట్లో తెలుగు వద్దంటున్నారా?

"పిల్లలతో ఇంట్లో కూడా ఇంగ్లీషులోనే మాట్లాడండి." దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఉన్న తల్లుల్లో ఈ సలహా వినని వాళ్ళు తక్కువ. పేరెంట్స్ మీటింగ్‌లో టీచరమ్మ చెబుతుంది, పెళ్ళిలో కలిసిన దూరపు బంధువు చెబుతాడు, ఫోన్‌లో అమెరికా నుంచి ఆడపడుచు చెబుతుంది. ఎవరిదీ చెడ్డ ఉద్దేశం కాదు. పిల్లవాడికి నోరు తిరగాలి, రేపు ఇంటర్వ్యూలో తడబడకూడదు, అంతే. ఆ మాటతో నాకేం పేచీ లేదు. నా పేచీ అంతా దాని వెనకే వచ్చే రెండో మాటతో. "రెండు భాషలైతే బుర్ర గందరగోళం అయిపోతుందండీ!" దీన్ని శాస్త్రం చెప్పినట్టే చెబుతారు. శాస్త్రం అలా చెప్పలేదు. పైగా రెండు భాషలకూ మెదడుకూ ఉన్న సంబంధం గురించి ప్రపంచమంతా చెప్పుకునే పరిశోధన ఒకటి మన ఊళ్ళోనే జరిగింది. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే, బండి మారే పని లేకుండా దిగే పంజాగుట్టలో, మన నిమ్స్ ఆసుపత్రిలో!

చేసినది డాక్టర్ సువర్ణ అల్లాడి గారు, వారి బృందం. అప్పట్లో ఆవిడ నిమ్స్‌లో న్యూరాలజిస్టు. తర్వాత బెంగళూరు నిమ్హాన్స్‌కి వెళ్ళారు. జ్ఞాపకశక్తి తగ్గిందని నిమ్స్‌కి తీసుకొచ్చిన పెద్దవాళ్ళలో, డిమెన్షియా అని తేలిన 648 మంది వివరాలు తీసుకున్నారు. వాళ్ళలో 391 మందికి రెండుగానీ అంతకన్నా ఎక్కువగానీ భాషలు వచ్చు. మిగిలినవాళ్ళకి ఒకటే భాష. జబ్బు లక్షణాలు ఏ వయసులో మొదలయ్యాయో చూస్తే, ఒకే భాష వచ్చినవాళ్ళకి సగటున 61 ఏళ్ళు దాటగానే మొదలైంది. రెండు భాషల వాళ్ళకి 65న్నర దాటాక. అంటే నాలుగున్నరేళ్ళ తేడా. 2013లో 'న్యూరాలజీ' అనే వైద్య పత్రికలో ఇది అచ్చయింది.

ఇలాంటి ఫలితం అంతకుముందు 2007లో కెనడాలోని టొరంటోలో కూడా వచ్చింది. కానీ అక్కడ రెండు భాషల వాళ్ళంటే ఎక్కువగా వేరే దేశాల నుంచి వలస వచ్చినవాళ్ళు. అందుకని, తేడా భాష వల్ల వచ్చిందా, వలస వచ్చినవాళ్ళ తీరు వల్ల వచ్చిందా అని పెద్దలు అనుమానపడ్డారు. ఆ అనుమానం తీర్చడానికి హైదరాబాద్‌ని మించిన ఊరేదీ? ఇక్కడ రెండు భాషలు రావడానికి విమానం ఎక్కక్కర్లేదు, బడికైనా వెళ్ళక్కర్లేదు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీయో దక్కనీయో, ఆఫీసులో ఇంగ్లీషు. పుట్టిన ఊళ్ళో ఉండగానే అబ్బేస్తాయి.

ఈ పరిశోధనలో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇంకోటుంది. చదువుకున్నవాళ్ళకే రెండో భాష వస్తుంది కాబట్టి అసలు మేలు చదువుదేమో అనుకోవచ్చు కదా! అందుకని బడి మొహం చూడనివాళ్ళని విడిగా తీసి లెక్క చూశారు. వాళ్ళలో రెండు భాషల వాళ్ళకి జబ్బు ఆరేళ్ళు ఆలస్యంగా మొదలైంది.

మా అపార్ట్‌మెంట్‌లో పనిచేసే ఆవిడది దేవరకొండ వైపు తండా. పిల్లలతో ఫోన్‌లో లంబాడీ, మాతో తెలుగు, కింద ఇస్త్రీ అబ్బాయితో హిందీ. ఒక వాక్యంలోంచి ఇంకో వాక్యంలోకి వెళ్ళే లోపల భాష మార్చేస్తుంది. అంత చేస్తూ, "నాకేం వస్తదమ్మా, నిశానీదాన్ని" అంటుంది. వేలిముద్ర వేసేదాన్ని అని. బీఏలో మూడేళ్ళు తెలుగు చదివిన నాకు కూడా అంత సులువుగా భాష మార్చడం రాదు. మనం చదువు అనుకోని ఆ విద్యనే ఒక న్యూరాలజిస్టు విద్యగా లెక్కపెట్టారంటే నాకు భలే సంతోషంగా ఉంది. అన్నట్టు, మూడో భాష వచ్చినందుకు అదనపు లాభమేమీ ఆ పరిశోధనలో కనిపించలేదు. రెండు ఉంటే చాలన్నమాట.

ఎందుకిలా అవుతుంది? రెండు భాషలు వచ్చినవాళ్ళ తలలో రెండూ మేలుకునే ఉంటాయట. ఒకటి మాట్లాడేటప్పుడు రెండోదాన్ని అణిచి పెట్టాలి. కూరగాయల బండి దగ్గర "కిత్నా" అనాలి, పక్కనున్న వదినగారితో "ఎంతంట?" అనాలి. ఎదురుగా ఎవరున్నారో చూసి, తగిన మాట తీసి, తగని మాటని వెనక్కి నెట్టే పని రోజుకి ఎన్ని వందలసార్లు చేస్తామో! దృష్టి నిలపడానికీ, ఒక పని లోంచి ఇంకో పనిలోకి మారడానికీ మెదడులో ఉన్న ఏర్పాటుకి అదంతా సాధన. ఆ సాధన వల్ల మెదడుకి కొంత నిల్వ చేరుతుందని, జబ్బు లోపల మొదలైనా ఆ నిల్వ మీద కొన్నాళ్ళు నెట్టుకొస్తుందని శాస్త్రవేత్తల ఊహ. ఆ తర్వాత 2016లో ఇదే బృందం పక్షవాతం వచ్చిన 608 మందిని చూసింది. పక్షవాతం తర్వాత కూడా ఆలోచనాశక్తి మామూలుగా నిలిచినవాళ్ళు రెండు భాషల వాళ్ళలో నూటికి 40 మంది, ఒకే భాష వాళ్ళలో నూటికి 20 మంది.

ఇక్కడ కాస్త ఆగాలి. ఇలాంటి వార్త మన వాట్సాప్ గ్రూపుల్లో పడితే "రెండు భాషలు వస్తే అల్జీమర్స్ రాదు" అయిపోతుంది, కింద నాలుగు దణ్ణాల బొమ్మలు కూడా చేరతాయి. కానీ పైన చెప్పిన లెక్క ఇంకోసారి చూడండి. ఆ 391 మంది రెండు భాషల వాళ్ళకీ జబ్బు వచ్చింది! ఆలస్యంగా వచ్చింది, అంతే. పైగా అన్ని దేశాల పరిశోధనల్లోనూ ఇదే ఫలితం రాలేదు, తేడా కనిపించనివీ ఉన్నాయి. భాష మందు కాదు, తాయెత్తు అంతకన్నా కాదు.

మరి ఆ నాలుగున్నరేళ్ళు ఏపాటి? ఇల్లు నడిపేవాళ్ళని అడగండి. నాలుగేళ్ళంటే మనవడి ఇంజనీరింగ్ మొత్తం. మనవరాలి పెళ్ళిలో తలంబ్రాలు ఎవరివో తెలిసి అక్షింతలు వేయడం. సొంతంగా స్నానం చేసి, సొంతంగా అన్నం కలుపుకుని తినడం. ఇంకో వైపు నుంచి చూస్తే, ఆ ఇంట్లో కోడలో కూతురో ఉద్యోగం మానకుండా ఉండే నాలుగేళ్ళు. మతిమరుపు జబ్బు వచ్చిన మనిషిని చూసుకునే పని ఎవరి మీద పడుతుందో మనకెవరూ చెప్పక్కర్లేదు కదా!

జబ్బు వచ్చేవాళ్ళలోనూ మనమే ఎక్కువ. 2023లో అచ్చయిన దేశవ్యాప్త అధ్యయనం ప్రకారం, 60 దాటినవాళ్ళలో నూటికి ఏడుగురికి పైగా డిమెన్షియా ఉంది. అంటే సుమారు 88 లక్షల మంది. మగవాళ్ళలో నూటికి ఆరుగురైతే ఆడవాళ్ళలో తొమ్మిదిమంది. అయినా గుర్తించడంలో మనదే ఆలస్యమని నాకనిపిస్తుంది. మామగారు బ్యాంకు లెక్క తప్పితే ఇల్లంతా కంగారుపడి డాక్టర్ దగ్గరకి పరిగెడుతుంది. అత్తగారు పప్పులో రెండుసార్లు ఉప్పు వేస్తే "చాదస్తం ఎక్కువైంది" అని వంటింట్లోంచి పంపేస్తాం. రెండూ ఒకే జబ్బుకి మొదలు కావచ్చు.

మళ్ళీ భాష దగ్గరకి వస్తాను. ఇంట్లో ఇంగ్లీషు మాత్రమే అనే నియమం పెట్టినప్పుడు మనం పిల్లవాడి గురించే ఆలోచిస్తాం. ఆ ఇంట్లో నానమ్మో అమ్మమ్మో ఉంటే ఆ నియమం ఆవిడకి ఏం చేస్తుంది? మనవడితో మాట్లాడితే "తెలుగులో వద్దత్తయ్యా" అంటాం. కొడుకూ కోడలూ పిల్లవాడితో ఏం మాట్లాడుతున్నారో ఆవిడకి అందదు. ఊళ్ళో ఉన్నప్పుడు అరుగు మీద నలుగురితో మాట్లాడిన మనిషి, ఇక్కడ నాలుగో అంతస్తులో టీవీ సీరియల్‌తో మాట్లాడుకుంటుంది. లాన్సెట్ అనే వైద్య పత్రిక తరఫున నిపుణులు 2024లో ఒక నివేదిక ఇచ్చారు. పద్నాలుగు కారణాలని అదుపు చేయగలిగితే ప్రపంచంలో డిమెన్షియాని దాదాపు సగం దాకా, నూటికి 45 వంతులు, తప్పించడమో వెనక్కి నెట్టడమో చేయవచ్చన్నారు. ఆ జాబితాలో బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, పొగ, వ్యాయామం లేకపోవడం ఉన్నాయి. చిన్నప్పుడు చదువు అందకపోవడం ఉంది. వినికిడి తగ్గడం, చూపు తగ్గడం ఉన్నాయి. మనుషులతో కలవకుండా ఒంటరిగా ఉండిపోవడం కూడా ఉంది. నాలుగో అంతస్తులో మాట కరువైన పెద్దావిడని ఏ డాక్టరూ లెక్కలోకి తీసుకోలేదని మనం అనుకోనక్కర్లేదు. తీసుకున్నారు.

"అయితే ఇంగ్లీషు మానేయమంటారా?" అని మా పక్కింటావిడ అడిగింది. ఎందుకు మానేయాలి? పరిశోధన చెప్పింది రెండు భాషల గురించి. బడిలో ఏడెనిమిది గంటలు ఇంగ్లీషు ఎలాగూ ఉంది. ఫోన్‌లో ఉంది, యూట్యూబ్‌లో ఉంది. ఇంట్లో మిగిలిన రెండు మూడు గంటల తెలుగు కూడా తీసేస్తే పిల్లవాడికి మిగిలేది ఒకటే భాష. డబ్బు కట్టి ఒకటి నేర్పిస్తూ, ఉచితంగా వచ్చే రెండోదాన్ని మనమే తీసేయడం ఏం లెక్క? రెండు భాషలతో పెరిగే పిల్లలు మొదట్లో మాటలు కలిపేస్తారు, నిజమే. "మమ్మీ, వాటర్ కావాలి" అంటారు. అది గందరగోళం కాదు. చేతికందిన మాట వాడుకోవడం. మనం రోజంతా చేస్తున్నదీ అదే.

ఇంకో మాట. మన పెద్దవాళ్ళ జ్ఞాపకశక్తిని పరాయి దేశపు ప్రశ్నలతో కొలిస్తే, చదువు లేని మనిషి జబ్బు లేకపోయినా తప్పిపోతుంది. అందుకే భారత వైద్య పరిశోధన మండలి పూనుకుని తెలుగు, హిందీ, బెంగాలీ, కన్నడ, మలయాళాల్లో పరీక్షలు తయారు చేయించింది. ఆ పనిలో కూడా సువర్ణ గారున్నారు. మెదడు గురించి పరిశోధించడం ఒక ఎత్తైతే, అది మామూలు మనిషి భాషలోకి రావడం ఇంకో ఎత్తు. రెండో పని సగం డాక్టర్లదీ సగం మనదీ అని నేననుకుంటాను. ఇంట్లో ఎవరు ఏం మర్చిపోతున్నారో మొదట తెలిసేది మనకే.

కాబట్టి నేను చెప్పదలచుకున్నవి మూడు. ఒకటి, రాత్రి అన్నాల వేళ ఇంట్లో తెలుగే తిరగనివ్వండి, హిందీ ఇంటివాళ్ళైతే హిందీ, లంబాడీ ఇంటివాళ్ళైతే లంబాడీ. పిల్లవాడిని పెద్దావిడ పక్కన కూర్చోబెట్టండి. రెండు, పెద్దవాళ్ళకి చెవులు వినిపించడం తగ్గితే నవ్వి ఊరుకోకండి, పరీక్ష చేయించండి. మూడు, తాళాలు ఎక్కడ పెట్టానో అని వెతుక్కోవడం అందరికీ ఉండేదే. కానీ నలభై ఏళ్ళుగా చేస్తున్న సాంబారు ఎలా చేయాలో తెలియకపోయినా, అడిగిందే పది నిమిషాలకోసారి అడుగుతున్నా, తెలిసిన సందులో దారి తప్పినా, చిల్లర లెక్క అందకపోయినా వయసు అని వదిలేయకండి. థైరాయిడ్ వల్లో, బీ12 తక్కువై కూడానో, మనసు బాగోలేకో మతిమరుపు వస్తే దానికి వైద్యం ఉంది. డాక్టర్ దగ్గరకి వెళ్ళినప్పుడు, ఆవిడ ఎంతవరకు చదువుకుంది, ఏ ఏ భాషలు మాట్లాడుతుంది అన్నది ముందే చెప్పండి. పరీక్ష ఆవిడ భాషలోనే చేయమని అడగండి. అడిగితే తప్పేం లేదు.